చుక్క పడిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు

ఫోర్డ్ 7.3 డీజిల్ ట్రక్కులో హై-ప్రెషర్ ఆయిల్ పంపు లీకుల గురించి అంకెలు చెప్పే కథ

పొద్దున్నే ట్రక్కు తీయబోతే కింద అరచేతంత నల్లటి మరక. వంగి చూస్తే, ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ కలిపే బెల్ హౌసింగ్ అంచున ఒక చుక్క వేలాడుతోంది. దాన్ని చూడగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: ‘వెనక క్రాంక్ సీలు పోయింది, గేర్‌బాక్సు దింపాల్సిందే.’ అమెరికాలో ఇప్పటికీ తిరుగుతున్న ఫోర్డ్ 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ డీజిల్ పికప్పుల విషయంలో ఈ తీర్పు తరచూ తప్పుతుంది. ఆ చుక్క పడేది వెనక, కింద. పుట్టేది ముందు, పైన, టార్చి వేస్తే గానీ కనబడని ఒక గుంతలో. ఇంజిన్ పొడవునా పాకి వచ్చి, వెనక దారి దొరికాక కిందికి దిగుతుంది.

ఆ గుంతలో కూర్చున్న భాగమే హై-ప్రెషర్ ఆయిల్ పంపు. దాని చుట్టూ ఉన్న ఓ-రింగులు, గాస్కెట్లు కొనడానికి పదుల డాలర్లు చాలు. పంపే మార్చాలంటే వందల డాలర్లు. గేర్‌బాక్సు దింపాలంటే ఒక రోజు కూలి దానికే పోతుంది. ఇంత తేడా ఉన్న చోట ఊహ మీద పానా పట్టడం బండి యజమానికి చేసే అన్యాయం. ఈ ఇంజిన్‌లో దాదాపు ప్రతి లీకునూ విప్పకముందే అంకెల్లో పట్టుకోవచ్చు. ఆ అంకెలేమిటో, వాటి వెనక ఏముందో చూద్దాం.

500 – 3,000 – 21,000: ఒక్క ఆయిలే, మూడు ఒత్తిళ్లు

7.3 పవర్‌స్ట్రోక్ పేరుకు ఫోర్డ్‌ది. తయారు చేసింది నావిస్టార్, అంటే ఇంటర్నేషనల్ లారీల కంపెనీ. వాళ్ల సొంత లారీల్లో దీని పేరు టీ444ఈ. 444 ఘనపుటంగుళాల వీ8 ఇంజిన్ కాబట్టి ఆ పేరు. 1994 మోడల్ సంవత్సరం మధ్యలో ఫోర్డ్ పికప్పుల్లోకి వచ్చి 2003 దాకా నడిచింది.

మామూలు డీజిల్ ఇంజిన్‌లో ఇంజెక్టర్లకు ఒత్తిడి ఇచ్చేది డీజిల్ పంపు. ఇందులో ఆ పని ఇంజిన్ ఆయిల్ చేస్తుంది. క్యాటర్‌పిల్లర్, నావిస్టార్ కంపెనీలు తీసుకొచ్చిన ఈ పద్ధతిని పొడి అక్షరాల్లో ‘హెచ్‌ఈయూఐ’ అంటారు. ఆయిల్ ఒత్తిడితో కదిలి, కంప్యూటర్ ఆజ్ఞతో తెరుచుకునే ఇంజెక్టర్ అని దాని అర్థం.

లెక్క ఇలా ఉంటుంది. ప్రతి ఇంజెక్టర్ లోపల పైన ఒక పెద్ద పిస్టన్, కింద ఒక సన్న ప్లంజర్ ఉంటాయి. పెద్దదాని వైశాల్యం చిన్నదానికి 7 రెట్లు. పైన 3,000 పీఎస్‌ఐ ఆయిల్ నొక్కితే కింద డీజిల్ మీద పడేది 3,000 × 7 = 21,000 పీఎస్‌ఐ. బార్లలో చెప్పుకుంటే ఆయిల్ 207, డీజిల్ దాదాపు 1,450. పీఎస్‌ఐ అంటే చదరపు అంగుళానికి పౌండ్లు. లారీ టైరులో 120 పీఎస్‌ఐ గాలి పడుతుందనుకుంటే, ఈ పంపు ఇచ్చే పూర్తి ఒత్తిడి దానికి 25 రెట్లు.

ఇంజిన్ స్టార్ట్ కావాలంటే కనీసం 500 పీఎస్‌ఐ ఆయిల్ ఒత్తిడి ఉండాలి. అంతకు తక్కువైతే ఇంజెక్టర్ డీజిల్‌ను సరిగా చిమ్మలేదు. సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఇంజిన్ తిరుగుతుందే గానీ అందుకోదు. ఈ 500ను గుర్తుపెట్టుకోండి. కింద చెప్పబోయే పరీక్షలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

పని ఎంత ఎక్కువో కూడా చూడండి. ఇంజిన్ నిమిషానికి 650 చుట్లు ఐడిల్‌లో తిరుగుతుంటే 8 సిలిండర్లకు కలిపి నిమిషానికి 2,600 ఇంజెక్షన్లు. 3,000 చుట్ల దగ్గర 12,000, అంటే సెకనుకు 200. ప్రతిసారీ ఒత్తిడి పడిపోతుంది, పంపు మళ్లీ నింపుతుంది. ఓ-రింగుల మీద పడే ఈ దెబ్బల లెక్క ఏళ్ల తరబడి కొనసాగుతుంది.

1 లీటరు గిన్నె, 7 పిస్టన్లు

బానెట్ ఎత్తితే కనబడేది టర్బో, గాలి గొట్టాలు, డీజిల్ ఫిల్టర్ గిన్నె. వీటి కింద, రెండు సిలిండర్ వరుసల మధ్య లోయలాంటి గుంత ఉంటుంది. మెకానిక్కులు దాన్ని ‘వ్యాలీ’ అనే పిలుస్తారు. పంపు ఆ లోయ ముందు భాగాన, ఇంజిన్ ముందు కవర్‌కు వెనక బిగించి ఉంటుంది. క్యామ్‌షాఫ్ట్ గేరు దాన్ని తిప్పుతుంది.

పంపుకు పైన, ముందు వైపు సుమారు 1 లీటరు పట్టే రిజర్వాయర్ ఉంది. మామూలు ఆయిల్ పంపు సంపులోంచి ఆయిల్‌ను పైకి తోడి ముందు ఈ గిన్నె నింపుతుంది. హై-ప్రెషర్ పంపు అందులోంచి తీసుకుంటుంది. లోపల వాలుగా ఉన్న పళ్లెం మీద 7 చిన్న పిస్టన్లు తిరుగుతాయి. పళ్లెం వాలు వల్ల ఒక్కో పిస్టన్ లోపలికీ బయటికీ కదులుతూ ఆయిల్‌ను నెడుతుంది. మొదటి మోడళ్లలో ఆ వాలు 15 డిగ్రీలు, 1999 తర్వాతివాటిలో 17. వాలు పెరిగితే పిస్టన్ కదలిక పెరిగి, చుట్టుకు ఎక్కువ ఆయిల్ వస్తుంది.

పంపు వెనక ఐపీఆర్ అనే ప్రెషర్ రెగ్యులేటర్ వాల్వు మరల మీద బిగించి ఉంటుంది. కరెంటు అందకపోతే అది తెరుచుకునే ఉండి, ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తుంది. కంప్యూటర్ కరెంటు పెంచేకొద్దీ మూసుకుని ఒత్తిడి పెంచుతుంది. ఆ ఒత్తిడిని చూసి కంప్యూటర్‌కు చెప్పేది ఐసీపీ సెన్సర్. పంపు నుంచి రెండు హోసులు బయల్దేరి ఎడమ, కుడి సిలిండర్ హెడ్లకు ఆయిల్ చేరుస్తాయి. ఒక పంపు, ఒక వాల్వు, ఒక సెన్సర్, రెండు హోసులు, 8 ఇంజెక్టర్లు: లీకు వీటి మధ్యలోనే ఎక్కడో ఉంటుంది.

3 దారులు: ఆయిల్ ఎటు పోతోంది?

లీకు అనగానే మరక గుర్తొస్తుంది. ఈ ఇంజిన్‌లో ఆయిల్ తప్పించుకునే దారులు మూడు. వాటిలో రెండింటికి నేల మీద చుక్క ఉండదు.

మొదటిది బయటి లీకు. పంపుకూ ముందు కవర్‌కూ మధ్య ఉన్న గాస్కెట్, రిజర్వాయర్ గాస్కెట్, హోసుల ఫిట్టింగుల ఓ-రింగులు, ఐపీఆర్ వాల్వు మొదట్లో ఉన్న ఓ-రింగు, పంపు బిరడాలు. ఇవి చెమర్చినా, కారినా ఆయిల్ లోయలో చేరుతుంది. లోయ వెనక చివర నీళ్లు, ఆయిల్ దిగిపోయే దారి ఉంది. అక్కడి నుంచి బెల్ హౌసింగ్ మీద పడి కిందికి కారుతుంది. మొదట్లో చెప్పిన తప్పుడు తీర్పు ఇక్కడే పుడుతుంది. టర్బో పీఠం కింద ఉన్న ఓ-రింగులు పోయినా ఆయిల్ ఇదే లోయలోకి వస్తుంది కాబట్టి పంపును అనుమానించేటప్పుడు దాన్నీ చూడాలి.

రెండోది లోపలి లీకు. ఐపీఆర్ వాల్వు లోపలి ఓ-రింగు తెగినా, ఇంజెక్టర్ పై ఓ-రింగు పోయినా ఒత్తిడిలో ఉన్న ఆయిల్ తిరిగి సంపులోకే పడుతుంది. నేల మీద మరక ఉండదు. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గదు. బండి మాత్రం స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది.

మూడోది ఆయిల్ డీజిల్‌లోకి పోయే లీకు. ఒక్కో ఇంజెక్టర్‌కు బయట 3 ఓ-రింగులు. ఎనిమిదింటికి 24. ఆయిల్ గదినీ డీజిల్ గదినీ వేరు చేసే రింగు పాడైతే, ఎక్కువ ఒత్తిడిలో ఉన్న ఆయిల్ డీజిల్‌లో కలుస్తుంది. మరక లేకుండానే ఆయిల్ మట్టం తగ్గుతుంది. ఫిల్టర్ గిన్నె మూత తీసి చూస్తే, తేటగా ఉండాల్సిన డీజిల్ నల్లగా ఉంటుంది. ఇది కనబడితే పంపు జోలికి పోనక్కర్లేదు, ఇంజెక్టర్ రింగుల సంగతి చూడాలి.

కాబట్టి మొదటి ప్రశ్న ‘ఏ భాగం మార్చాలి?’ అని అడగకూడదు. ‘నేల మీద మరక ఉందా? డిప్‌స్టిక్ తగ్గుతోందా? డీజిల్ నల్లబడిందా?’ అని మూడు ప్రశ్నలు వేసుకుంటే దారి దానంతటదే తేలుతుంది.

180 మిల్లీలీటర్లు: చిన్న చుక్క చేసే పెద్ద నష్టం

‘పాత బండి కదా, కాస్త కారుతుంది’ అని సరిపెట్టుకునేవాళ్లకు ఒక చిన్న లెక్క. 20 చుక్కలు 1 మిల్లీలీటరు అనుకుందాం. ఇంజిన్ నడుస్తుండగా 10 సెకన్లకు ఒక చుక్క పడితే గంటకు 360. రోజుకు 10 గంటలు పని చేసే బండికి 3,600 చుక్కలు, అంటే 180 మిల్లీలీటర్లు. నెలలో 25 రోజులకు నాలుగున్నర లీటర్లు.

1999 తర్వాతి 7.3లో ఫిల్టర్‌తో కలిపి పట్టే ఆయిల్ 15 క్వార్టులు, అంటే 14.2 లీటర్లు. పది సెకన్లకొక్క చుక్క నెలలో దాదాపు మూడో వంతును తినేస్తుంది. ఈ ఇంజిన్‌లో ఆయిల్ తగ్గితే బేరింగులకు మాత్రమే ముప్పు అనుకోకూడదు. గిన్నెలోకి గాలి కలిసిన ఆయిల్ వస్తే ఇంజెక్టర్ తడబడుతుంది. గాలి నొక్కుకుపోతుంది, ఆయిల్ నొక్కుకుపోదు. పిస్టన్‌ను నెట్టాల్సిన ఒత్తిడి బుడగలను నలపడానికి ఖర్చవుతుంది. ఇంజిన్ గరగరలాడడం, ఐడిల్‌లో ఊగడం అక్కడి నుంచే మొదలవుతాయి.

8 రెట్లు: చల్లగా ఉంటే స్టార్ట్, వేడెక్కితే మొరాయింపు

లోపలి లీకుకు ఒక అచ్చమైన గుర్తు ఉంది. పొద్దున చక్కగా స్టార్టయిన బండి, పెట్రోలు బంకులో పది నిమిషాలు ఆపాక మళ్లీ అందుకోదు. గంట చల్లారనిస్తే మామూలే. చాలామంది దీన్ని బ్యాటరీ మీదకో సెల్ఫ్ మోటార్ మీదకో తోస్తారు.

అసలు కారణం ఆయిల్ పలచబడటం. ఈ ఇంజిన్లలో వాడే 15డబ్ల్యూ-40 ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 110 నుంచి 120 సెంటీస్టోకులు. 100 డిగ్రీల దగ్గర 14 నుంచి 15. ఎనిమిదో వంతుకు దిగిపోయింది. సన్నటి సందులోంచి కారే ఆయిల్ పరిమాణం చిక్కదనానికి విలోమంగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కారిన దానికి 8 రెట్లు వేడిలో కారుతుంది. సెల్ఫ్ మీద నెమ్మదిగా తిరిగే పంపు చల్లటి ఆయిల్‌తో 500 పీఎస్‌ఐ అందుకోగలదు, పలచని ఆయిల్‌తో అందుకోలేదు.

ఇంకో 8 కూడా ఉంది. సందు వెడల్పు రెండింతలైతే కారడం రెండింతలు కాదు, 2 × 2 × 2, అంటే 8 రెట్లు. అందుకే ‘కాస్త అరిగింది, ఇంకో ఏడాది లాగుతుంది’ అన్న అంచనా ఇక్కడ పనికిరాదు. వెంట్రుకవాసి అరుగుదల పెరిగినా బండి రోడ్డు మధ్యలో నిలబడే రోజు చాలా ముందుకు జరుగుతుంది.

సెకనుకు 220 మీటర్లు: చెయ్యి పెట్టకండి

మరమ్మతులోకి దిగే ముందు ఇది చదవాలి. 207 బార్ల ఆయిల్ ఒక సూదిబెజ్జంలోంచి బయటికి వస్తే దాని వేగం, రాపిడి లెక్కలోకి తీసుకోకుండా, సెకనుకు దాదాపు 220 మీటర్లు. గంటకు 790 కిలోమీటర్లు. ఐడిల్‌లో 500 పీఎస్‌ఐ దగ్గర కూడా గంటకు 320. అర మిల్లీమీటరు బెజ్జం పూర్తి ఒత్తిడిలో నిమిషానికి సుమారు లీటరున్నర ఆయిల్ చిమ్ముతుంది. ఆ లెక్కన సంపు మొత్తం పది నిమిషాల్లో ఖాళీ.

ఒత్తిడిలో ఉన్న ద్రవం 100 పీఎస్‌ఐ దాటితే చాలు, చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరగలదు. ఇక్కడ ఉన్నది దానికి 5 నుంచి 30 రెట్లు. మొదట చీమ కుట్టినట్టు ఉంటుంది, చిన్న చుక్క రక్తం, అంతే. లోపల ఆయిల్ కండరాల పొరల వెంట పాకుతుంది. గంటలు గడిచేకొద్దీ వేలు, ఒక్కోసారి చెయ్యి పోయే ప్రమాదం పెరుగుతుంది. నొప్పి లేదు కదా అని ఇంటికి వెళ్లిపోయినవాళ్లే ఎక్కువ నష్టపోతారు. వెంటనే శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆస్పత్రికి వెళ్లి, ‘ఒత్తిడితో ఆయిల్ లోపలికి దూరింది’ అని ఇదే మాటలో చెప్పాలి.

ఇంజిన్ నడుస్తుండగా హోసు కింద వేలు పెట్టి తడిమి చూడటం చాలామంది మెకానిక్కులకు అలవాటు. చేతి తొడుగు దీన్ని ఆపదు. అట్టముక్కను పొడవైన కర్రకు కట్టి లీకు దగ్గర ఆడించండి. తడి దాని మీదే పడుతుంది. ఫిట్టింగులు విప్పేది ఇంజిన్ ఆపి, చల్లారాకే.

విప్పే ముందు 4 కొలతలు

ఒకటి, గిన్నె మట్టం. రాత్రంతా ఆపిన బండికి పొద్దున్నే రిజర్వాయర్ మీది చిన్న బిరడా తీసి చూడండి. ఆయిల్ పై అంచుకు 1 అంగుళం, అంటే 25 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. అంతకన్నా దిగిపోయి ఉంటే రాత్రి ఎక్కడికో జారిపోయింది, సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి రావడానికి అదే కారణం కావచ్చు.

రెండు, సెల్ఫ్ వేగం, బ్యాటరీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజిన్ నిమిషానికి కనీసం 100 చుట్లు తిరగాలి, బ్యాటరీ వోల్టేజి 10.5కు దిగకూడదు. ఈ ట్రక్కులో రెండు బ్యాటరీలుంటాయి. ఒకటి బలహీనమైనా పంపు నెమ్మదిగా తిరుగుతుంది, లేని లీకు ఉన్నట్టు కనబడుతుంది.

మూడు, ఆయిల్ ఒత్తిడి. స్కానర్ పెట్టి సెల్ఫ్ మీద 500 పీఎస్‌ఐ వస్తోందో లేదో చూడాలి. వాల్వును పూర్తిగా మూసుకొమ్మని కంప్యూటర్ ఆజ్ఞ ఇస్తున్నా ఒత్తిడి ఎక్కకపోతే ఆయిల్ ఎక్కడో తప్పించుకుంటోంది, లేదా పంపు అరిగింది. ఏది నిజమో తేల్చడానికి ఒక హెడ్ హోసు విప్పి, పంపు వైపు దారిని ఆ ఒత్తిడికి తట్టుకునే బిరడాతో మూసి మళ్లీ సెల్ఫ్ కొడతారు. ఒత్తిడి ఎక్కితే లీకు ఆ హెడ్‌లో ఉంది. ఎక్కకపోతే రెండో వైపు అలాగే చేస్తారు. రెండు వైపులా మూసినా రాకపోతే అప్పుడు వేలు పంపు, ఐపీఆర్ వాల్వు వైపు తిరుగుతుంది. పంపు కొనే నిర్ణయం ఈ పరీక్ష తర్వాతే.

నాలుగు, సెన్సర్ సాకెట్. ఐసీపీ సెన్సర్ ప్లగ్గు ఊడదీసి లోపల టార్చి వేయండి. ఆయిల్ కనబడితే సెన్సర్ లోపల నుంచే కారుతోంది. ప్లగ్గు తీశాక కంప్యూటర్ తన దగ్గరున్న స్థిర అంకెతో ఇంజిన్‌ను నడుపుతుంది. అప్పుడు ఇంజిన్ ఇంకా బాగా నడిస్తే సెన్సర్ తప్పు చెబుతోందన్నమాట.

బయటి లీకుకు వీటితో పాటు ఐదో పని: లోయను కడగడం. చల్లటి ఇంజిన్ మీద జిడ్డు వదిలించే ద్రావణం పోసి, తక్కువ ధారతో కడిగి, వైర్ల కనెక్టర్లను తడవనివ్వకుండా ఆరబెట్టాలి. తర్వాత ఆయిల్‌లో అతినీలలోహిత రంగు కలిపి, పావుగంట నడిపి ఆపి, అతినీలలోహిత దీపం వేస్తే లీకు మొదలైన చోటు పచ్చగా మెరుస్తుంది. ఏళ్ల జిడ్డు పేరుకున్న లోయలో లీకు వెతకడమంటే బురదనీళ్లలో ముత్యం వెతకడమే. కడగడానికి పట్టే గంట తర్వాత ఎన్నో గంటలు మిగులుస్తుంది. కడిగేటప్పుడు వాసన కూడా చూడండి. పలచగా, డీజిల్ వాసనతో ఉంటే అది ఫిల్టర్ గిన్నె డ్రెయిన్ వాల్వు నుంచి కారుతోంది, పంపుది కాదు.

3 మిల్లీమీటర్ల రింగు, 2.4 మిల్లీమీటర్ల గాడి

పాడైన ఓ-రింగును చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి చూస్తే విషయమంతా దాని మీదే రాసి ఉంటుంది. కొత్త రింగు అడ్డంగా కోస్తే గుండ్రంగా ఉంటుంది. ఏళ్లుగా వేడిలో నలిగిన రింగు ఒక వైపు పలకలా సమంగా అయిపోయి, ఇంగ్లిష్ ‘డి’ అక్షరంలా కనబడుతుంది. వేళ్లతో వంచితే కొత్తది మెత్తగా వంగి తిరిగి వస్తుంది. పాతది అప్పడంలా పుటుక్కున విరుగుతుంది.

ఓ-రింగు పనంతా దాని తిరిగి లేచే గుణంలోనే ఉంది. 3 మిల్లీమీటర్ల మందం రింగును 2.4 మిల్లీమీటర్ల గాడిలో కూర్చోబెడితే అది 20 శాతం నలిగి, తిరిగి లేవాలని రెండు గోడలనూ నెడుతూ ఉంటుంది. వేడికి ఆ లేచే గుణం చచ్చిపోతే 2.4 దగ్గరే గడ్డకట్టుకుపోతుంది. నెట్టడం ఆగిపోతే ఆయిల్‌కు దారి దొరుకుతుంది.

రబ్బరు రకం కూడా ముఖ్యం. మామూలు నైట్రైల్ రబ్బరు ఎక్కువకాలం తట్టుకునే వేడి 100 డిగ్రీల చుట్టుపక్కల. వైటన్ రబ్బరు 200 దాకా నిలుస్తుంది. టర్బో, రెండు హెడ్ల నడుమ ఉక్కపోసే లోయలో ఈ తేడా ఏళ్ల తేడా. ఒత్తిడి సంగతి చూస్తే, 70 గట్టిదనం గల రింగు వెనక ఆసరా లేకుండా సుమారు 1,500 పీఎస్‌ఐ వరకే నమ్మదగింది. అంతకు మించితే రబ్బరు సందులోకి పిండుకుపోయి కొంచెం కొంచెం తెగుతుంది. అందుకే 3,000 పీఎస్‌ఐ పడే చోట రింగు పక్కన గట్టి ప్లాస్టిక్ ఆసరా రింగు ఉంటుంది. విప్పేటప్పుడు ఆ ఆసరా ఏ వైపున ఉందో ఫోటో తీసుకోండి. తిరగేసి పెడితే ఉన్నా లేనట్టే.

పని జరిగే తీరు

రెండు బ్యాటరీల తీగలు విప్పాలి. గాలి గొట్టాలు తీసి దారి చేసుకోవాలి. గిన్నెలోని ఆయిల్‌ను సిరంజితో పీల్చాలి, లేదంటే ఆ లీటరూ లోయలోకే పోతుంది. కొన్ని మోడళ్లలో హోసుల ఫిట్టింగులు తోసి విడదీసే రకం, వాటికి ప్రత్యేక పనిముట్టు కావాలి. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే ఫిట్టింగు గాయపడి, మార్చిన రింగు కూడా నిలవదు.

లీకు ఫిట్టింగు రింగుదైతే పంపు కదిలించాల్సిన పని లేదు. ఐపీఆర్ వాల్వుదైతే డీజిల్ ఫిల్టర్ గిన్నె పక్కకు తీస్తే చెయ్యి పడుతుంది. వాల్వు రింగులు మార్చి 35 పౌండ్-అడుగుల బలంతో, అంటే 47 న్యూటన్ మీటర్లతో బిగించాలి. గాస్కెట్ లీకైతే మాత్రం రిజర్వాయర్, ముందు కవర్ మీది మూత, గేరు బోల్టు తీసి, పంపును వెనక్కి లాగి పైకి ఎత్తాలి. తిరిగి బిగించేటప్పుడు గేరు బోల్టుకు 95 పౌండ్-అడుగులు, అంటే 129 న్యూటన్ మీటర్లు. ఇది చేతి అంచనాకు వదిలే బోల్టు కాదు. టార్క్ రెంచ్ తప్పనిసరి.

రెండు లోహాల ముఖాలనూ శుభ్రం చేయడమే ఈ పనిలో అతి ముఖ్యమైన, అతి తక్కువ ఓపిక చూపించే భాగం. పాత గాస్కెట్ పొరను ప్లాస్టిక్ గీరుడుపలకతో తీయండి. ఉక్కు బ్లేడుతో గీరితే అల్యూమినియం మీద పడే ఒక్క గీత కొత్త లీకుకు దారి. గీరేటప్పుడు రంధ్రాలన్నీ శుభ్రమైన గుడ్డతో మూయాలి. లోపల పడిన ఒక్క రేణువు సన్నటి వాల్వుకు అడ్డుపడి కొత్త బాధ తెస్తుంది. కొత్త రింగును ఆయిల్‌తో తడిపి, మెలిక పడకుండా గాడిలో కూర్చోబెట్టాలి. పొడిగా తోస్తే అక్కడే చిట్లుతుంది.

స్టార్ట్ చేసే ముందు గిన్నెను చేత్తో నింపాలి. లేదంటే సెల్ఫ్‌ను చాలాసేపు వేధించాల్సి వస్తుంది. అప్పటికీ హోసుల్లో, హెడ్లలో గాలి ఉంటుంది. మొదటి కొన్ని కిలోమీటర్లు ఇంజిన్ గరగరలాడడం సహజం. గాలి వెళ్లాక సద్దుమణుగుతుంది. సంపు మట్టం మళ్లీ చూసి, ఎంత ఆయిల్ పోశారో రాసి పెట్టుకోండి. 200 కిలోమీటర్లు తిరిగాక లోయలో టార్చి వేసి చూసేదాకా పని పూర్తయినట్టు కాదు.

2003 తర్వాత: పంపు లోపలికి పోయింది, లీకు కనబడకుండా పోయింది

2003లో 7.3 స్థానంలోకి ఫోర్డ్ 6.0 లీటర్ల ఇంజిన్ వచ్చింది. అదీ నావిస్టార్‌దే, అదే పద్ధతి. సూపర్ డ్యూటీ పికప్పుల్లో 2007 దాకా నడిచింది. పంపును లోయ వెనక, ఇంజిన్ లోపలికి తీసుకెళ్లారు. బయటి చుక్క తగ్గింది, లోపలి లీకు పెరిగింది. 2004 చివర నుంచి వచ్చిన ఇంజిన్లలో పంపు బయటి దారికి తోసి పెట్టే ఒక ఫిట్టింగు వాడారు. అది వదులవడమే వేడిలో స్టార్ట్ కాకపోవడానికి పేరుమోసిన కారణం. నిలువు గొట్టాల ఓ-రింగులు రెండో కారణం. రెండింటికీ మెరుగుపరిచిన భాగాలు తర్వాత వచ్చాయి. ఇందులో లీకు వెతకడానికి ఐసీపీ సెన్సర్ రంధ్రంలో గాలి పట్టి, ఐపీఆర్ వాల్వును కరెంటుతో మూసి, ఎక్కడ బుసకొడుతుందో చెవితో పట్టుకుంటారు. ఆ 500 పీఎస్‌ఐ సంఖ్య మాత్రం ఇక్కడా అదే. 2008 మోడల్ 6.4 లీటర్ల ఇంజిన్‌లో డీజిల్‌నే నేరుగా ఒత్తిడి చేసే కామన్ రైల్ పద్ధతి వచ్చి ఈ అధ్యాయం ముగిసింది.

మన వైపు ఈ పాఠం ఎక్కడ పనికొస్తుంది?

మన రోడ్ల మీది లారీల్లో ఈ పంపు కనబడదు. 2017 ఏప్రిల్ 1న బీఎస్-4, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నియమాలు దేశమంతటా వచ్చాక మన డీజిళ్లు కామన్ రైల్ బాటలో ఉన్నాయి. అయితే విజయవాడ ఆటోనగర్‌లోనైనా, ఏ ఊరి షెడ్డులోనైనా జేసీబీ చేయి విప్పే మెకానిక్ చేతిలో ఉన్నది ఇదే ఓ-రింగు. అక్కడ 250 బార్ల దాకా ఒత్తిడి ఉంటుంది, ఈ పంపు కన్నా ఎక్కువే. చదరపు సెంటీమీటరు మీద, అంటే చిటికెనవేలి గోరంత చోటు మీద, ఐదు సిమెంటు బస్తాల బరువు. హోసు మీద తడి కనబడితే వేలితో తుడిచి చూసే అలవాటు మన షెడ్లలోనూ ఉంది. అట్టముక్క పాఠం అక్కడికీ చేరాలి. అమెరికాలో ఉంటూ పాత 7.3 పికప్పు కొనాలనుకునే మనవాళ్లు మాత్రం బేరానికి ముందు మూడు పనులు చేయండి: లోయలో టార్చి వేయండి, ఫిల్టర్ గిన్నె తెరిచి డీజిల్ రంగు చూడండి, వేడి ఇంజిన్‌ను ఆపి పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేయండి.

ఇక మొదట చూసిన ట్రక్కు దగ్గరికి వద్దాం. బెల్ హౌసింగ్ అంచున చుక్క అలాగే ఉంది. గేర్‌బాక్సు దింపే ముందు బానెట్ ఎత్తి, వెనక నుంచి ముందుకు, కింద నుంచి పైకి ఆ తడి వెంట వెలుతురు పట్టండి. తడి ఎక్కడ ఆగి, పైన ఎక్కడ పొడిగా మొదలవుతుందో అదే చోటు. అక్కడ మీకు దొరికేది చాలాసార్లు వేలికి ఉంగరంలా పట్టేంత నల్ల రబ్బరు చుట్ట, ఒక పక్క పలకలా నలిగిపోయి.